యునిక్స్ సర్వరుకు శాన్ నిల్వ అమరిక

స్టోరేజి ఏరియా నెట్‌వర్కు, క్లుప్తంగా శాన్, అనగా సర్వర్లను నిల్వ పరికరాలతో కలపడానికి మాత్రమే ప్రత్యేకించిన నెట్‌వర్కు. దీని ద్వారా వేరొక గదిలోనో, వేరొక భవనంలోనో ఉన్న డిస్కును ఒక యునిక్స్ సర్వరు తన సొంత డిస్కు వలెనే వాడుకొనేటట్లు చేయుటకు కావలసిన పనులను హోస్టు అమరిక అంటారు. శాన్ పరిభాషలో నిల్వను వాడుకొనే సర్వరును హోస్టు అని, నిల్వను అందించే పెద్ద పరికరాన్ని అర్రే అని వ్యవహరిస్తారు. ఈ వ్యాసంలో ఫైబర్ ఛానల్ శాన్‌ను, 2005లో సన్ మైక్రోసిస్టమ్స్ విడుదల చేసిన సొలారిస్ 10 నిర్వహణ వ్యవస్థను ఉదాహరణగా తీసుకోవడమైనది. ఇతర యునిక్స్‌లలో ఆదేశాల పేర్లు మారినా పని వరుస దాదాపు ఇదే.

నేపథ్యం

పూర్వం ప్రతి సర్వరుకూ దాని డిస్కులు స్కసీ కేబులుతో నేరుగా తగిలించి ఉండేవి. ఒక సర్వరులో డిస్కు నిండిపోయి, పక్క సర్వరులో సగం ఖాళీగా ఉన్నా ఆ ఖాళీని దీనికి ఇచ్చే వీలు లేదు. 1994లో అమెరికా ప్రమాణాల సంస్థ ఆన్సీ ఆమోదం పొందిన ఫైబర్ ఛానల్ ఈ ఇబ్బందిని తొలగించింది. స్కసీ ఆదేశాలనే తన ఫ్రేములలో పెట్టి స్విచ్చిల గుండా మోసుకుపోవడం దీని పద్ధతి. కాబట్టి నిర్వహణ వ్యవస్థకు అవతల ఉన్నది మామూలు డిస్కుగానే కనబడుతుంది.

ఎన్‌ఎఫ్‌ఎస్ వంటి పద్ధతులకూ దీనికీ ఉన్న తేడాను ఇక్కడ గమనించవలెను. ఎన్‌ఎఫ్‌ఎస్ ఫైళ్ళను అందిస్తుంది. ఫైల్ సిస్టమును నడిపేది అవతలి సర్వరు. శాన్ అందించేది ఉత్త బ్లాకులను; వాటిపై ఫైల్ సిస్టమును నిర్మించి, నడిపే బాధ్యత పూర్తిగా హోస్టుదే. ఈ తేడాను మరచితే శాన్‌లో డేటా పోయే ప్రమాదం ఉంది.

పేర్లు, అనుమతులు

ఫైబర్ ఛానల్ కార్డును హోస్టు బస్ అడాప్టరు (హెచ్‌బిఎ) అంటారు. దాని ప్రతి పోర్టుకూ తయారీలోనే 64 బిట్ల ప్రపంచవ్యాప్త నామం ఒకటి ఉంటుంది. దీనిని 16 హెక్సాడెసిమల్ అంకెలుగా వ్రాస్తారు. సొలారిస్ 10లో ఎఫ్‌సిఇన్ఫో ఆదేశం ఈ నామాన్ని చూపుతుంది. కార్డు మొత్తానికి నోడు నామం, పోర్టుకు పోర్టు నామం అని రెండు ఉంటాయి. చూడడానికి ఒకేలా ఉండి ఒకటి రెండు అంకెల్లోనే తేడా ఉండవచ్చును. అనుమతులకు వాడవలసింది పోర్టు నామాన్ని.

అనుమతి రెండు చోట్ల ఇవ్వాలి. మొదటిది స్విచ్చిలో చేసే జోనింగు. ఏ పోర్టు ఏ పోర్టుతో మాట్లాడవచ్చునో ఇది నిర్ణయిస్తుంది. ఒక్కొక్క జోనులో ఒక్క హెచ్‌బిఎ పోర్టును మాత్రమే ఉంచడం మంచి అలవాటు. జోన్ల సంఖ్య పెరిగి విసుగు పుట్టించినా, ఒక సర్వరులోని కలత మరొక సర్వరుకు అంటదు. రెండవది అర్రేలో చేసే లన్ మాస్కింగు. అర్రే తన డిస్కుల సముదాయం నుండి కోసి ఇచ్చే ఒక్కొక్క ముక్కకు లాజికల్ యూనిట్ నంబరు, అనగా లన్, ఉంటుంది. ఏ లన్‌ను ఏ పోర్టు నామానికి చూపాలో మాస్కింగు నిర్ణయిస్తుంది. జోనింగును వీధి గేటు అనుకొంటే మాస్కింగు గది తలుపు తాళం వంటిది. ఒకటి ఉన్నది కదా అని రెండవదానిని వదలివేయరాదు.

హోస్టు తనకు ఏయే లన్‌లు ఉన్నాయో చెప్పమని సాధారణంగా లన్ 0ను అడుగుతుంది. అందుచేత కొన్ని అర్రేలలో 0 సంఖ్యతో ఏదీ ఇవ్వకుండా 1 నుండి మొదలుపెడితే హోస్టుకు ఏమీ కనబడదు. జోనింగు సరిగా ఉండీ డిస్కు రాకపోతే మొదట చూడవలసిన చోటు ఇదే.

హోస్టుపై గుర్తించడం

సొలారిస్ 8, 9 కాలంలో కొందరు తయారీదారుల డ్రైవర్లతో ప్రతి లన్‌నూ ఎస్‌డి.కాన్ఫ్ అనే ఫైలులో చేత్తో వ్రాసి సర్వరును తిరిగి ప్రారంభించవలసి వచ్చేది. రాత్రి పని ముగించి వెళ్ళవలసిన నిర్వాహకులకు ఇది పెద్ద శిక్ష. సొలారిస్ 10లో శాన్ పరికరాలు సాధారణంగా వాటంతట అవే అమరుతాయి. సిఎఫ్‌జిఅడ్మ్ ఆదేశంతో ఏ కంట్రోలరుపై ఏ పోర్టు నామాలు కనబడుతున్నాయో, అవి అమరినవో కావో తెలుసుకోవచ్చును. అమరనివి ఉంటే అదే ఆదేశంతో అమర్చి, డెవ్‌ఎఫ్‌ఎస్‌అడ్మ్ ద్వారా పరికరాల పేర్లను సృష్టించాలి. ఆ తరువాత ఫార్మాట్ ఆదేశపు పట్టికలో కొత్త డిస్కు కనబడుతుంది.

ఫార్మాట్‌లో ఒక డిస్కును ఎంచుకొన్నపుడు దానికి లేబులు లేదు, ఇప్పుడు వేయమంటారా అని ప్రశ్న వస్తుంది. చాలామంది ఆలోచించకుండా అవునంటారు. కాని లేబులు లేకపోవడమంటే డిస్కు ఖాళీ అని అర్థం కాదు. సొలారిస్‌కు అర్థమయ్యే లేబులు లేదని మాత్రమే. మాస్కింగు పొరపాటు వలన వేరొక సర్వరుకు చెందిన డిస్కు ఇక్కడ కనబడుతూ ఉంటే, దానిలో మరొక నిర్వహణ వ్యవస్థ వ్రాసిన డేటా ఉంటే, ఈ ఒక్క జవాబుతో దాని మొదటి సెక్టారు చెరిగిపోతుంది. ఆ సర్వరు మరుసటిసారి ప్రారంభమయ్యేదాకా నష్టం బయటపడక పోవచ్చును కూడా. కాబట్టి లన్ పరిమాణాన్ని, గుర్తింపు సంఖ్యను అర్రేలోని వివరాలతో సరిపోల్చిన తరువాతనే లేబులు వేయవలెను. 2 టెరాబైట్లకు మించిన డిస్కులకు పాత పద్ధతి లేబులు పనికిరాదు, ఇఎఫ్‌ఐ లేబులు వేయాలి.

బహుళ మార్గాలు

ముఖ్యమైన సర్వర్లలో రెండు హెచ్‌బిఎలు, రెండు స్విచ్చిలు, అర్రేలో రెండు కంట్రోలర్లు ఉంటాయి. ఒక కేబులు తెగినా పని ఆగకూడదని దీని ఉద్దేశం. ఒక్కొక్క హెచ్‌బిఎను అర్రే యొక్క రెండేసి పోర్టులతో జోను చేస్తే ఒకే లన్‌కు నాలుగు మార్గాలు ఏర్పడతాయి. ఇవన్నీ ఒకటేనని నిర్వహణ వ్యవస్థకు చెప్పకపోతే ఒక డిస్కు నాలుగు డిస్కులుగా కనబడుతుంది. రెండవదానిని ఖాళీ డిస్కు అనుకొని కొత్త ఫైల్ సిస్టమును సృష్టిస్తే మొదటిదానిలోని డేటా నాశనమైనట్లే.

సొలారిస్ 10లో ఈ మార్గాలను కలిపే సదుపాయం నిర్వహణ వ్యవస్థలోనే ఉంది. దీనిని ఎంపిఎక్స్‌ఐఓ అంటారు. ఇంటెల్ తరహా యంత్రాలలో ఫైబర్ ఛానల్‌కు ఇది ముందే పనిచేస్తూ ఉంటుంది. స్పార్క్ యంత్రాలలో ఎస్‌టిఎంఎస్‌బూట్ ఆదేశంతో ప్రారంభించి, సర్వరును తిరిగి ప్రారంభించాలి. అప్పుడు డిస్కు పేర్లు మారిపోయి, కంట్రోలరు సంఖ్య తరువాత లన్ యొక్క పొడవైన గుర్తింపు సంఖ్య చేరుతుంది. విఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైలులోని పేర్లను ఆ ఆదేశమే సరిచేస్తుంది. డేటాబేసు వంటి అనువర్తనాలలో నేరుగా వ్రాసుకొన్న పాత పేర్లను మాత్రం ఎవరూ సరిచేయరు, వాటిని నిర్వాహకుడే వెదకి మార్చాలి. పాత, కొత్త పేర్ల జాబితాను ముందుగా కాగితంపై తీసి ఉంచుకోవడం ఉత్తమం. అమరిక పూర్తయ్యాక ఒక కేబులును నిజంగా తీసి చూడాలి. పరీక్షించని రెండవ మార్గాన్ని లెక్కలోకి తీసుకోరాదు.

వరుస లోతు

అర్రే పోర్టు ఒకేసారి పెండింగులో ఉంచుకోగల ఆదేశాలకు ఒక పరిమితి ఉంటుంది. అది దాటితే వరుస నిండినదని అర్రే బదులిస్తుంది, హోస్టు నెమ్మదిస్తుంది. సొలారిస్‌లో ఒక్కొక్క లన్‌కు సహజ పరిమితి 256. ఒక పోర్టు 2048 ఆదేశాలను మోయగలదని, దానిపై అన్ని హోస్టులవీ కలిపి 64 లన్‌లు ఉన్నాయని అనుకొంటే ఒక్కొక్కదానికి 32 మాత్రమే దక్కుతాయి. ఈ విలువను సిస్టమ్ ఫైలులో మ్యాక్స్ థ్రాటిల్ పేరుతో వ్రాస్తారు. స్పార్క్‌లో ఫైబర్ ఛానల్ డిస్కులకు డ్రైవరు పేరు ఎస్‌ఎస్‌డి, ఇంటెల్ తరహాలో ఎస్‌డి. తప్పు పేరుతో వ్రాస్తే ఆ అమరిక డిస్కుకు వర్తించదు.

ఫైల్ సిస్టము

లేబులు తరువాత న్యూఎఫ్‌ఎస్‌తో యుఎఫ్‌ఎస్ గాని, 2006 నుండి సొలారిస్ 10లో చేరిన జెడ్‌ఎఫ్‌ఎస్ గాని నిర్మించవచ్చును. ఒకే లన్‌పై నిర్మించిన జెడ్‌ఎఫ్‌ఎస్ డేటాలోని దోషాన్ని పట్టుకొంటుంది గాని, రెండవ ప్రతి లేనందున దానిని సరిచేయలేదు.

మామూలు యుఎఫ్‌ఎస్‌ను రెండు హోస్టులపై ఒకేసారి మౌంటు చేయరాదు. ప్రతి హోస్టూ ఏ బ్లాకులు ఖాళీయో తన జ్ఞాపకంలోనే లెక్క పెట్టుకొంటుంది. రెండవది చేసిన మార్పు మొదటిదానికి తెలియదు. ఇద్దరూ ఒకే బ్లాకును ఖాళీ అనుకొని వ్రాస్తారు. అర్రే దీనిని ఆపదు, ఎందుకంటే దానికి ఫైలు అంటే ఏమిటో తెలియదు. ఇద్దరికీ ఒకే డిస్కు కావలసివస్తే అందుకోసమే రూపొందించిన క్లస్టరు ఫైల్ సిస్టమును వాడాలి.

తొలగించేటపుడు

చేర్చిన వరుసకు వ్యతిరేక దిశలో పోవాలి. ముందు అనువర్తనాన్ని ఆపి, ఫైల్ సిస్టమును అన్‌మౌంటు చేసి, విఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లోని పంక్తిని తీసివేసి, సిఎఫ్‌జిఅడ్మ్‌తో పరికరాన్ని విడదీసి, ఆ తరువాతనే అర్రేలో మాస్కింగును తొలగించాలి. విఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో పాత పంక్తి మిగిలిపోతే, తరువాతి ప్రారంభంలో లేని డిస్కు కోసం వెదకి సర్వరు మధ్యలో ఆగిపోవచ్చును.

ఇతర యునిక్స్‌లలో

ఎయిక్స్‌లో సిఎఫ్‌జిఎంజిఆర్ అనే ఒక్క ఆదేశం కొత్త డిస్కులను వెదకి పేర్లు కూడా పెడుతుంది. హెచ్‌పి-యుఎక్స్‌లో ఐఓస్కాన్‌తో వెదకి ఇన్స్ఫ్‌తో పేర్లు సృష్టిస్తారు. 2007లో వచ్చిన 11ఐ మూడవ రూపాంతరం నుండి బహుళ మార్గాల సదుపాయం అందులోనే ఉంది. యునిక్స్ పోలికలతో ఉన్న లినక్స్‌లో సిస్ డైరెక్టరీ కింద ప్రతి స్కసీ హోస్టుకూ ఉండే స్కాన్ అనే ఫైలులో మూడు అడ్డగీతలను ఖాళీలతో వ్రాస్తే వెదకులాట మొదలవుతుంది. మార్గాలను కలిపే పని డివైస్ మ్యాపర్ మల్టీపాత్ చూసుకొంటుంది.