సత్యం పలికిన దొంగ

రాణిగారి ఖజానాలో దొంగ తీసినవి ఐదు బంగారు నాణేలు. లెక్క చూస్తే పది తగ్గాయి! పట్టుబడ్డ దొంగ ఉన్నది ఉన్నట్టు ఒప్పుకున్నాడు. మిగిలిన ఐదూ కాజేసినవాడు ఖజానా గుమాస్తాయే.

రాయపూర్‌లో జన్మించిన హబీబ్ తన్వీర్ 1975లో ప్రదర్శించిన 'చరణ్‌దాస్ చోర్' నాటకంలోని ఘట్టమిది. విజయ్‌దాన్ దేథా రాజస్థానీ జానపద కథను ఆయన ఛత్తీస్‌గఢ్ పల్లె నటుల నోట, వారి మాండలికంలో పలికించారు. అదే సంవత్సరం శ్యామ్ బెనెగల్ దానిని బాలల చలనచిత్రంగా రూపొందించారు. 1982లో ఎడిన్‌బరో నాటకోత్సవంలో నాటకానికి పురస్కారం లభించింది.

బంగారు పళ్లెంలో భుజించనని, ఏనుగుపై ఊరేగనని, రాణిని పెండ్లాడనని, సింహాసనం ఎక్కనని చరణ్‌దాస్ గురువు ఎదుట పరిహాసంగా ప్రమాణం చేశాడు. అబద్ధమాడవద్దని గురువు మరొకటి చేర్చాడు. ధాన్యం దాచిన భూస్వామిని దోచి అతడు ఆకలిగొన్నవారికి పంచాడు. ఆ నాలుగు భాగ్యాలూ అతణ్ణి వెదుక్కుంటూ వచ్చాయి. రాణితో పెండ్లికి నిరాకరించాడు. ఆ సంగతి దాచమంటే, అబద్ధమాడలేనన్నాడు. రాణి అతని ప్రాణం తీయించింది.

ఆగ్నేయ మధ్య రైల్వే కేంద్రమైన బిలాస్‌పూర్‌లో, రైలు కొలువుల వెంట వచ్చి స్థిరపడిన తెలుగువారున్నారు. సత్యమనగానే తెలుగువారికి స్ఫురించేది హరిశ్చంద్రుడు. ఆయన రాజు, కష్టాలు గట్టెక్కాక రాజ్యం తిరిగి దక్కింది. ఈ నేలపై పండిన నాటకంలో సత్యవంతుడు దొంగ. అతనికి ప్రాణం తిరిగి రాలేదు. కడుపుబ్బ నవ్విన పిల్లవాడు ఇంటిదారిలో అడగక మానడు: దొంగే నిజం చెబితే, పెద్దలకేమైంది?