ఈద్ నాడు మెట్లు దిగని ఆపా

జుమా నాడు మా అత్తిలి మస్జిద్‌లో నమాజుకు నిలబడేటప్పుడు పక్కవాడెవరో ఎవరమూ అడగం. భుజానికి భుజం ఆనించి సఫ్ సరిచేసుకుంటాం, అంతే. చేను నుంచి వచ్చిన కూలీ, రైలు దిగిన బాటసారి, బట్టల కొట్టు యజమాని ఒకే వరుసలో ఉంటారు. ఇదే సమానత్వమని పిల్లలకు ఏళ్ల తరబడి పాఠం చెప్పాం. అయితే ఆ వరుస దాకా చేరాలంటే వీధి ఒకటి దాటాలని, ఆ వీధిలో నడిచే భాగ్యం అందరికీ ఉండదని మాకు తెలియజెప్పింది మా బంధువుల్లో ఒక ఆపా.

గోదావరి జిల్లాల నుంచి ఇంటిపనికి కువైట్ వెళ్లే ఆడవాళ్ల సంగతి పాఠకులకు కొత్తగా చెప్పనక్కరలేదు. ఆపా కూడా అలాగే ఖాదిం వీసా మీద వెళ్లింది. ఆ వీసా కఫీల్‌తో ముడిపడి ఉంటుంది. జీతం ఎగ్గొట్టినా, చేయి చేసుకున్నా, గడప దాటితే పారిపోయినట్టు ఫిర్యాదు పడుతుంది. అకామా పోతుంది. ఆపా 2011లో గడప దాటింది. పాస్‌పోర్టు యజమాని బీరువాలోనే ఉండిపోయింది. ఇంటిపనివారి పాస్‌పోర్టు యజమాని దాచుకోరాదని 2015లో 68వ నంబరు చట్టం వచ్చింది గాని, అప్పటికి ఆమె బయటపడి నాలుగేళ్లు.

ఇలా కాగితం లేకుండా మిగిలినవారిని మనవాళ్లు 'ఖల్లివల్లి' అంటారు. అరబ్బీలో అది 'పోనీలే' అని తీసిపారేసే మాట. పనిని అనే మాట మనిషికెలా అంటుకుందో!

నలుగురు ఆడవాళ్లతో ఆరో అంతస్తులో ఒక గది, నాలుగిళ్లలో గంటల లెక్కన పని. శుక్రవారం సెలవు నాడు మనవాళ్లంతా మాలియాలో కలుసుకుంటారు. ఊరి కబుర్లు, ఉత్తరాలు, ఇళ్లకు పంపే సామాన్లు అన్నీ అక్కడే. బతాకా జేబులో ఉన్నవాడికి అది విహారం. లేనివాడికి గుంపంటేనే షుర్తా వచ్చే చోటు.

ఏటా ఈద్ నాడు మేము ఫోన్ చేసేవాళ్లం. మన ఊళ్లలో ఈద్‌గాకు ఆడవాళ్లు వెళ్లడం అరుదు కదా, అందుకని "అక్కడ మీకూ ఏర్పాటు ఉంటుంది, ఎంత అదృష్టం! నమాజుకు వెళ్లావా?" అని అడిగేవాళ్లం. "వెళ్లాను భాయీజాన్" అనేది. ఒక్కసారీ వెళ్లలేదని తిరిగొచ్చాక చెప్పింది. కిటికీ దగ్గర నిలబడి తక్బీర్లు వినేదట. మేము అడిగిన ప్రతిసారీ అబద్ధం ఆడించామన్నమాట.

ఈద్‌కు స్త్రీలంతా రావాలని, కప్పుకోవడానికి జిల్బాబ్ లేని స్త్రీకి తోటి స్త్రీ తన దానిలో చోటివ్వాలని హజ్రత్ ఉమ్మె అతియ్యా (రజి) ఉల్లేఖించిన హదీసును మేము ఎన్నోసార్లు బోధించాం. ఆపా విని నవ్వింది. "దుప్పటి ఇస్తారు భాయీజాన్, బతాకా ఎవరిస్తారు?" అంది. మా దగ్గర జవాబు లేదు.

2018 జనవరి 29న కువైట్ క్షమాభిక్ష మొదలై, గడువు పెంచాక ఏప్రిల్ 22 దాకా సాగింది. జరిమానా లేకుండా వెళ్లిపోవచ్చు, కొత్త వీసాతో మళ్లీ రావచ్చు. పాస్‌పోర్టు లేనివారికి మన ఎంబసీ తాత్కాలిక ప్రయాణపత్రం ఇచ్చింది. ఏడేళ్లలో ఆపా భయపడకుండా నిలబడ్డ మొదటి గుంపు ఆ క్యూయేనట. అది వెళ్లిపోయేవాళ్ల క్యూ!

ఇంటికొస్తే మన గుంపు ఎలా ఆదరించిందో కూడా రాయాలి. మొదటి వలీమాలోనే "ఎంత తెచ్చావు?" అని నలుగురు అడిగారు. ఆపా పెరటి గుమ్మం పక్కన కూర్చుంది. అలవాటట, బయటికి దారి కనబడాలి. ఆ ఏడు సుబ్రహ్మణ్య షష్ఠి తీర్థానికి పిల్లల్ని తీసుకెళ్లి, గాజుల కొట్టు దగ్గర కానిస్టేబుల్‌ను చూసి చంటిదాని చెయ్యి వదిలేసి సందులోకి వెళ్లిపోయింది. తర్వాత తనే నవ్వుకుంది గాని, చంటిది చాలాసేపు ఏడ్చింది.

2019 డిసెంబరులో పౌరసత్వ సవరణ చట్టం వచ్చి, జాతీయ పౌర పట్టిక మాట చెలరేగినప్పుడు మా ఇంటి అరుగు కాగితాలతో నిండిపోయింది. రేషన్ కార్డులో బాషా, స్కూలు రికార్డులో పాషా, ఓటరు జాబితాలో భాష. మూడూ ఒక్కడే! దరఖాస్తులు రాసి రాసి మా వేళ్లు వాచాయి. పుట్టిన ఊళ్లోనే పుట్టినట్టు రుజువు వెతుక్కుంటున్నారు పెద్దలు. ఆపా టీ తెచ్చి పెడుతూ, "ఇన్నాళ్లకు అందరూ నా లైనులోకి వచ్చారు" అంది. ఎవరూ నవ్వలేదు.

2024లో కువైట్ మళ్లీ క్షమాభిక్ష ప్రకటించింది. మార్చి 17 నుంచి జూన్ 17 వరకన్నారు, తర్వాత జూన్ 30కి పొడిగించారు. మధ్యలో ఏప్రిల్‌లో ఈద్ వచ్చింది. తణుకు వైపు పిల్ల ఒకతె అక్కడ చిక్కుకుని ఉంటే, ఆపా మా ఎదుటే ఫోన్ చేసి ఎంబసీకి ఏమేం పట్టుకెళ్లాలో ఓపికగా చెప్పింది. చివర్న, "ఈద్‌కు కిందికి దిగావా?" అని అడిగింది.

"దిగాను ఆపా" అంది ఆ పిల్ల.

ఆపా ఫోన్ పెట్టేసి మా వైపు తిరిగి, "దిగలేదు" అంది.