మహాకాయమైన గుమ్మడికాయ

మన పెరటి పందిరి మీద కాసిన గుమ్మడికాయ పది కిలోలు తూగితే, ఇల్లాలు దానిని ముక్కలుగా కోసి ఇరుగుపొరుగులకు సంతోషంగా పంచిపెడుతుంది. దానికి దగ్గరి చుట్టమైన మరొక జాతి కాయ 2025 అక్టోబరులో ఇంగ్లండులో జరిగిన తూనికపోటీలో 1,278 కిలోలు దాటింది. ఒక్క పంటకాలంలో, ఒక్క తొడిమ ద్వారా అంత పదార్థం ఒక కాయలోకి ఎలా చేరింది?

ఈ జాతి శాస్త్రనామం కుకుర్బిటా మాక్సిమా. జన్మస్థానం దక్షిణ అమెరికా. కెనడా వాసి విలియం వార్నాక్ 1904లో సెంట్ లూయీ ప్రదర్శనకు తెచ్చిన 403 పౌన్ల కాయను, అంటే సుమారు 183 కిలోలను, 1976 వరకు ఎవరూ మించలేకపోయారు. ఆ తరువాత నోవాస్కోషియా రైతు హోవర్డ్ డిల్ ఏటేటా మేలైన కాయల విత్తనాలనే ఎంచి, సంకరపరచి, ‘అట్లాంటిక్ జెయింట్’ అనే రకాన్ని స్థిరపరిచాడు. 1979 నుండి వరుసగా నాలుగేళ్లు ప్రపంచ విజేత అతడే. నేటి పోటీకాయలన్నీ దాదాపుగా ఆ వంశానివే. 1996లో వెయ్యి పౌన్లు, 2012లో రెండువేల పౌన్లు దాటాయి.

ఎరువుల మహిమే ఇదంతా అనుకోవడం తొందరపాటు. 2015లో అమెరికా శాస్త్రజ్ఞులు ఈ రకాలను వాటి చిన్నకాయల పూర్వరకంతో పోల్చిచూశారు. ఆకుల వైశాల్యంలో గాని, అవి ఆహారం తయారుచేసే శక్తిలో గాని కాయ పరిమాణానికి కారణం కనిపించలేదు. ఆకుకాడలలోను, కాయతొడిమలోను చక్కెరను మోసుకుపోయే పోషక కణజాలం మాత్రం అధికంగా ఉంది. వంటవాడు పాతవాడే, వడ్డించే దారి వెడల్పయింది!

దారి ఉన్నంత మాత్రాన చాలదు. సేద్యగాడు తెల్లవారుజామున తానే మగపువ్వు పుప్పొడిని ఆడపువ్వుకు అద్ది, తేనెటీగలు చేరకుండా దానిని కట్టివేస్తాడు. పిందెలు నిలిచాక ఒకదానిని ఉంచి మిగిలినవన్నీ తుంచివేస్తాడు. తీగ కణుపులను మట్టితో కప్పితే అక్కడ కూడా వేళ్లు దిగుతాయి. ఉధృతంగా పెరిగే దినాలలో కాయ రోజుకు ఇరవై కిలోల వరకు బరువెక్కుతుంది. అపాయం పొంచి ఉన్నదీ అప్పుడే. పెద్ద వానకు లోపలి పెరుగుదలను పైతొక్క అందుకోలేకపోతే కాయ పగులుతుంది. పగులు లోపలి గుల్లదాకా పోతే పోటీకి పనికిరాదు. తుంచివేసిన పిందెలు తిరిగి రావు కనుక ఆ యేటి శ్రమ అంతటితో సరి.

ఇంతా చేసి రుచి చూడబోతే నీళ్లచప్పన. మన పులుసులోకి అది కొరగాదు. నోవాస్కోషియాలోని విండ్సర్ పట్టణంలో ఇటువంటి కాయలను దొప్పలుగా తొలిచి, వాటిలో కూర్చుని పడవపందేలు వేసుకునేవారు. సేద్యగాడు మాత్రం ముందుగా గింజలు తీసి ఆరబెట్టుకుంటాడు. తల్లికాయ బరువును, పెంచినవాని ఇంటిపేరును వాటికే పేరుగా రాసి దాచుకుంటాడు.