అలన్ వెల్స్: అమెరికావాళ్లు రాకపోతేనే గెలిచాడా?

ఈ ఎపిసోడ్‌లో మనం మాట్లాడుకోబోయేది స్కాట్లాండ్ స్ప్రింటర్ అలన్ వెల్స్ గురించి. 1980 మాస్కో ఒలింపిక్స్‌లో వంద మీటర్ల బంగారు పతకం ఈయనదే. 1924లో హెరాల్డ్ అబ్రహామ్స్ గెలిచాక బ్రిటన్‌కి ఆ పతకం మళ్లీ రావడానికి 56 ఏళ్లు పట్టింది. అయినా ఈయన పేరెత్తగానే ఒక మాట వినిపిస్తుంది: "అమెరికావాళ్లు రాలేదుగా, అందుకే గెలిచాడు" అని. అందులో నిజమెంతో చూద్దాం.

వెల్స్ 1952లో ఎడిన్‌బరోలో పుట్టాడు. మొదట్లో ఆయన ఆట లాంగ్‌జంప్. పూర్తిగా పరుగు వైపు తిరిగింది 1976లో, అంటే 24 ఏళ్ల వయసులో. ఆ వయసుకి చాలామంది స్ప్రింటర్లు అప్పటికే పేరు తెచ్చేసుకుని ఉంటారు. భార్య మార్గో కూడా స్ప్రింటరే, ఈయన శిక్షణ చూసుకున్నదీ ఆవిడే. సాధనలో భాగంగా బాక్సర్లు గుద్దే స్పీడ్‌బాల్ గుద్దేవాడు. పరిగెత్తేవాడికి గుద్దులెందుకు అంటారేమో, స్ప్రింట్‌లో చేతులు ఆడకపోతే కాళ్లు ఆడవండి! రెండేళ్లు తిరక్కుండానే, 1978 ఎడ్మంటన్ కామన్వెల్త్ క్రీడల్లో 200 మీటర్లలో బంగారం, వందలో వెండి గెలిచాడు.

ఇంకో విచిత్రం ఏంటంటే, ఈయన స్టార్టింగ్ బ్లాక్స్ వాడేవాడు కాదు. మాస్కోకి అవి తప్పనిసరి అని రూల్ మారడంతో, అప్పుడు అలవాటు చేసుకోవాల్సి వచ్చింది.

ఇక బాయ్‌కాట్ సంగతి. సోవియట్ సేనలు అఫ్గానిస్తాన్‌లోకి వెళ్లాయని అమెరికా ఆటలకి రాలేదు. బ్రిటన్‌లో థాచర్ ప్రభుత్వం కూడా వెళ్లొద్దని గట్టిగా ఒత్తిడి చేసింది. ఒలింపిక్ సంఘం వినలేదు, జట్టుని పంపింది. కానీ పతకాల వేదిక మీద బ్రిటన్ జెండా కాదు, ఒలింపిక్ జెండా ఎగిరింది.

ఫైనల్ చూడండి. వెల్స్ ఎనిమిదో లేన్‌లో, క్యూబా వీరుడు సిల్వియో లియోనార్డ్ ఒకటో లేన్‌లో. మధ్యలో ఆరుగురు! ఒకరెక్కడున్నారో ఇంకొకరికి కనపడదు. చివరి మీటర్లలో వెల్స్ ఒళ్లంతా ముందుకి వంచేశాడు. ఇద్దరి టైమూ 10.25 సెకన్లే. ఫొటో చూశాకే గెలిచింది వెల్స్ అని తేలింది. తర్వాత 200 మీటర్లలో ఇటలీ వీరుడు మెన్నేయా చేతిలో 0.02 సెకన్ల తేడాతో బంగారం పోయింది.

అదే మాస్కోలో మన హాకీ జట్టు కూడా బంగారం తెచ్చింది. అక్కడా పెద్ద జట్లు కొన్ని రాలేదు. దాన్ని మనం తక్కువ చేసుకుంటున్నామా?

అసలు జవాబు ట్రాక్ మీదే దొరికింది. ఒలింపిక్స్ అయిన కొద్దిరోజులకే పశ్చిమ జర్మనీలో జరిగిన పోటీకి అమెరికా స్ప్రింటర్లు వచ్చారు. మెల్ లాటనీ, హార్వే గ్లాన్స్, అప్పటికి కుర్రాడైన కార్ల్ లూయిస్. వెల్స్ అందర్నీ దాటేశాడు. మరుసటేడాది రోమ్‌లో ప్రపంచ కప్ వంద మీటర్లూ ఈయనే గెలిచాడు, ఆ పోటీలోనూ లూయిస్ ఉన్నాడు.

1982లో బ్రిస్బేన్ కామన్వెల్త్ క్రీడల్లో వంద మీటర్ల బంగారం ఈయనకే దక్కింది. 200 మీటర్లలో మాత్రం ఫొటో కూడా తేల్చలేకపోయింది. వెల్స్‌కీ, ఇంగ్లండ్ ఆటగాడు మైక్ మెక్‌ఫార్లేన్‌కీ చెరో బంగారు పతకం ఇచ్చేశారు.