ముహూర్తం పెట్టేది కడుపులో పిల్లే

‘‘పున్నమికే ఈనాల్సింది సార్. అమావాస్య కూడా పాయె, ఇంకా ఈనలే.’’

‘‘పోతును ఎప్పుడు దాటించినారవ్వా?’’

‘‘మేం దాటించేదేముంది నాయనా, పోతు మందలోనే తిరుగుతాంటాది.’’

పత్తికొండ, తుగ్గలి, దేవనకొండ పల్లెల్లో చూడిమేక ఉన్న ఇంట ఇలాంటి మాటలు కొత్తేం కాదు. అవ్వ చెప్పిన రెండో మాటలోనే సగం జవాబుంది. పోతు మందలోనే ఉంటే మేక ఏ రోజు కట్టిందో ఎవరికి తెలుస్తుంది? మొదలు తెలియని లెక్కకు గడువు దాటిందని ఎలా అంటాం?

మేక చూలు సగటున 150 రోజులు. 145 నుంచి 155 రోజుల మధ్య ఎప్పుడు ఈనినా అది సకాలంలో ఈనినట్టే. రెండు మూడు పిల్లల్ని మోసేవి ఒకట్రెండు రోజులు ముందుగా ఈనొచ్చు, ఒంటిపిల్ల కాస్త ఆలస్యం చేయొచ్చు. అవ్వ లెక్క ఐదు పున్నములు. పున్నమికీ పున్నమికీ మధ్య ఇరవై తొమ్మిదిన్నర రోజులు కాబట్టి, ఐదింటికి 147 రోజుల చిల్లర. గోడ మీది క్యాలెండర్‌లో జూన్ 20 నుంచి నవంబర్ 20 దాకా ఐదు నెలలంటే 153 రోజులు. సగటుకు రెండూ దగ్గరే, అయితే అవ్వ లెక్కే కొంచెం నయం. లెక్క తప్పు కాదు, మొదలుపెట్టిన రోజే తప్పు.

ఆ తప్పుకూ ఓ కొలత ఉంది: ఇరవై ఒక్క రోజులు. చూలు నిలవని మేక దాదాపు అన్ని రోజులకు మళ్లీ ఎదకొస్తుంది. జూన్ 20న పోతు దాటడం మనం చూశాం, నవంబర్ 17 దగ్గర ఈనుతుందని రాసుకున్నాం. ఆసారి నిలవలేదు. జూలై 11న మళ్లీ ఎదకొచ్చి, కొండ వాలులో మేస్తుండగా ఎవరూ చూడకుండా కట్టింది. అప్పుడు ఈనే రోజు డిసెంబర్ 8. ఈ మూడు వారాలూ ఇంటిల్లిపాదీ పడే కంగారంతా వృథాయే. గడువు దాటిందన్న మేక సరిగ్గా మూడు వారాలకు ఈనిందంటే జరిగింది ఇదేనని అనుకోవచ్చు. ఎర్రజాజును నూనెలో కలిపి పోతు రొమ్ముకు పూసి వదిలితే, అది దాటిన మేక వీపు మీద మరక పడుతుంది. ఆ తేదీ ఎక్కడైనా రాసి పెట్టుకుంటే సగం చిక్కులు తీరిపోతాయి.

తేదీ తెలియనప్పుడు మేక ఒళ్లే చూసుకోవాలి. తోక మొదలుకు కాస్త పైన, వెన్నుకు అటూ ఇటూ వేళ్లతో నొక్కి చూడండి. మామూలు రోజుల్లో అక్కడ రెండు నరాలు బిగించిన నులకతాళ్లలా గట్టిగా తగులుతాయి. మనం నరాలంటాం గానీ, నిజానికి అవి కటి ఎముకల్ని పట్టి ఉంచే బంధకాలు. ఈనే రోజు దగ్గరపడే కొద్దీ హార్మోన్ల ప్రభావంతో మెత్తబడి, చివరి రోజున వేళ్లకు అందకుండా పోతాయి. తోక మొదలు చుట్టూ గుంతలు పడి, బొటనవేలూ చూపుడువేలూ దాదాపు కలిసిపోతాయి. పొదుగును మాత్రం అంతగా నమ్మడానికి లేదు. కొన్ని మేకలు నెల ముందే పొదుగు దింపుతాయి, తొలిచూలువి ఒక్కోసారి ఈనే రోజు దాకా దింపవు. ముందురోజు రాత్రికి ఖాళీ సంచిలా ఉండి, తెల్లారేసరికి చర్మం నిగనిగలాడేలా బిగుసుకుంటే మాత్రం ఇక మేతకు తోలకండి. చివరి రోజున ఒంటి వేడి కూడా ఒక డిగ్రీ ఫారన్‌హీట్ దాకా పడిపోతుంది. మేక మందకు దూరంగా పోయి, ముందుకాలితో నేల గీరి, లేచి పడుకుని మళ్లీ లేచి, తన పక్కల్ని తానే చూసుకుంటూ సన్నగా అరుస్తుంటుంది. వెనక జిగురు తీగలు మొదట తెల్లగా, తర్వాత చిక్కగా పసుపురంగులో వేలాడతాయి.

ఇంతకీ ఆ రోజును ఎవరు నిర్ణయిస్తారు? తల్లి అనుకుంటాం. కాదు, బిడ్డేనని క్రీస్తుకు పూర్వమే గ్రీకు వైద్యుడు హిప్పోక్రటీస్ ఊహించాడు. కడుపులో తిండి చాలక బిడ్డే బయటికి దారి చూసుకుంటుందన్నాడు. కారణం తప్పే గానీ, ఎవరన్నది మాత్రం సరిగ్గానే పట్టుకున్నాడు. రుజువు కావడానికి 1960ల దాకా ఆగాల్సి వచ్చింది. న్యూజిలాండ్‌లోని ఆక్లండ్‌లో గ్రాహమ్ లిగ్గిన్స్ అనే ప్రసూతి వైద్యుడు గొర్రె కడుపులోని పిల్లకు మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథిని పనిచేయకుండా చేశాడు. తల్లి గడువు దాటినా ఈనలేదు. మరికొన్ని పిల్లలకు కార్టిసాల్ ఎక్కిస్తే వాటి తల్లులు గడువుకు ముందే ఈనాయి.

కడుపులో పిల్ల పక్వానికి రాగానే దాని మెదడు పిట్యూటరీకీ, పిట్యూటరీ అడ్రినల్ గ్రంథికీ సంకేతం పంపుతాయి. అడ్రినల్ నుంచి కార్టిసాల్ పెరుగుతుంది. ఆ కార్టిసాల్ వల్ల మాయలో ఈస్ట్రోజెన్, దాంతో గర్భసంచిలో ప్రోస్టాగ్లాండిన్ పెరుగుతాయి. ప్రోస్టాగ్లాండిన్ వెళ్లి తల్లి అండాశయం మీదున్న చిన్న పసుపు గడ్డను కరిగిస్తుంది. కార్పస్ లూటియం అనే ఆ గడ్డే ప్రొజెస్టిరాన్ తయారుచేస్తూ ఐదు నెలలూ గర్భసంచిని కదలకుండా ఉంచింది. అది కరిగితే నొప్పులు మొదలు. గొర్రెలో చూలు సగం దాకా రాకముందే మాయ ఈ పనిని తన మీద వేసుకుంటుంది. మేకలో మాత్రం చివరి రోజు దాకా ఆ గడ్డే ఆధారం. ఒకే మందలో కలిసి మేసే రెండు జీవాల మధ్య ఇంత తేడా.

లిగ్గిన్స్ కథలో అసలు మలుపు వేరే ఉంది. కార్టిసాల్ పుణ్యమా అని మరీ ముందే పుట్టిన ఓ గొర్రెపిల్ల, లెక్క ప్రకారం ఊపిరితిత్తులు తయారుకాక చనిపోవాల్సింది, ఊపిరి తీస్తూ కనబడింది. పురుడు మొదలుపెట్టే కార్టిసాలే ఊపిరితిత్తుల్నీ పక్వం చేస్తుందన్నమాట. పిల్లల వైద్యుడు రాస్ హౌవీతో కలిసి ఆయన 282 మంది తల్లుల మీద చేసిన పరీక్ష ఫలితాలు 1972లో వచ్చాయి. నెలలు నిండకుండా కాన్పయ్యే ప్రమాదమున్న తల్లులకు ఇవాళ మన సర్కారు ఆసుపత్రుల్లోనూ వేసే స్టెరాయిడ్ ఇంజెక్షన్ అలా పుట్టిందే.

పిల్లే ముహూర్తం పెడుతుందంటే, పిల్ల మెదడులో లోపముంటే ముహూర్తం రానే రాదు. అమెరికాలోని ఐడహోలో ఒంటికన్ను గొర్రెపిల్లలు పుడుతుంటే శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి వెతికి, తల్లి చూలు పద్నాలుగో రోజున వెరాట్రమ్ అనే కొండమొక్క తినడమే కారణమని తేల్చారు. ఆ పిల్లల్లో పిట్యూటరీ సరిగా ఏర్పడదు. అలాంటి తల్లులు గడువు దాటి వారాల తరబడి మోసేవి, లోపల పిల్ల పెరుగుతూనే ఉండేది. ఆ మొక్క పత్తికొండ కొండల్లో లేదు లెండి. నిజంగా గడువు దాటిన మేకలో మనకు ఎదురయ్యే కారణాలు వేరు.

అందులో ఒకటి పిల్లే లేకపోవడం. వినడానికి వింతే గానీ మేకల్లో ఇది అరుదేం కాదు. పసుపు గడ్డ ఏదో కారణంగా కరగకుండా నిలిచిపోతే గర్భసంచిలో నీరు చేరుతూ పోతుంది. మేక ఎదకు రాదు, కడుపు పెరుగుతుంది, చూసినవాళ్లంతా చూడిదనే అంటారు. ఐదు నెలలకో, ఇంకా ఆలస్యంగానో గడ్డ తనంతట తాను కరిగితే నీళ్లన్నీ ఒక్కసారిగా పోతాయి. పొద్దున్నే దొడ్డి తడిసి, కడుపు జారిపోయి, పిల్ల మాత్రం కనబడదు. కుక్క ఎత్తుకుపోయిందేమోనని ఇల్లంతా వెతుకుతారు. దిష్టి తగిలిందంటారు. స్కానింగ్ చేస్తే ఈ కథ ముందే తేలుతుంది: లోపల నల్లగా కనిపించే నీరు తప్ప పిల్లా ఉండదు, మాయ బొడిపెలూ ఉండవు. ప్రోస్టాగ్లాండిన్ ఇంజెక్షన్‌తో నీరు దిగిపోయాక చాలా మేకలు మళ్లీ చూలు కడతాయి. ఇంకో కారణం పిల్ల లోపలే చనిపోయి ఎండిపోవడం. సంకేతం పంపాల్సిన ప్రాణమే లేదు కాబట్టి పురుడు మొదలు కాదు.

ఆ ప్రోస్టాగ్లాండిన్ ఇంజెక్షన్ గురించి ఓ మాట. మేకలో పసుపు గడ్డ ఒక్కటే ఆధారం కాబట్టి ఒక్క సూదితోనే సాధారణంగా ఒకటిన్నర రోజులో ఈనుతుంది. అందుకే మందులషాపులో కొనుక్కొచ్చి వేయించాలన్న ఆశ పుడుతుంది. మూడు వారాల తప్పు లెక్క ఇక్కడే ప్రాణం తీస్తుంది. 150 రోజులనుకుని సూది వేస్తే, నిజానికి అది 129వ రోజైతే, ఊపిరితిత్తులు తయారుకాని పిల్ల బయటపడుతుంది. కట్టిన తేదీ రూఢిగా తెలియకపోతే స్కానింగ్ చేయించకుండా ఆ సూది జోలికి పోకూడదు.

ఎదురుచూపుల్లో గడువు కన్నా ఎక్కువ భయపడాల్సింది మేక మేత మానేయడానికి. చివరి ఆరు వారాల్లో పిల్ల మూడింట రెండొంతులకు పైగా పెరుగుతుంది. లోపల రెండు మూడు పిల్లలుండి, వేసవిలో బీళ్లన్నీ ఎండి తల్లికి పోషణ చాలకపోతే ఒంట్లో కొవ్వు కరిగి కీటోన్లు విషమవుతాయి. మేక విడిగా నిలబడి, పళ్లు కొరుకుతూ, గోడకు తల ఆనిస్తుంది. నోటి నుంచి తియ్యటి వాసన వస్తుంది. ఒకట్రెండు రోజుల్లో పడిపోతుంది. పడిపోయాక చేయగలిగింది తక్కువ. చివరి నెలన్నరలో వేరుశెనగ కట్టెతో పాటు పూటకో గుప్పెడు జొన్నలు వేస్తే చాలావరకు ఈ గండం రాదు.

పశువులకు వైద్యం ఇక్కడ కొత్త మాటేం కాదు. పత్తికొండ నుంచి గుత్తి వెళ్లే దారిలో ఎర్రగుడి రాళ్ల మీద అశోకుడి శాసనాలున్నాయి. మనుషులకూ పశువులకూ వేర్వేరుగా వైద్యం ఏర్పాటు చేయించానని అందులో ఒకచోట చెబుతాడు. చూలు మేకల్నీ, పాలిచ్చే మేకల్నీ చంపొద్దని మరోచోట, ఉత్తరాది స్తంభశాసనంలో, ఆజ్ఞ వేశాడు. ఇరవై మూడు శతాబ్దాల కిందటే చూడిమేక రాజు దృష్టిలో పడిందంటే ముచ్చటే. ఇప్పుడు ఆ వైద్యానికి 1962 నంబర్ ఉంది, ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది.

ఎప్పుడు ఫోన్ చేయాలి? ఉమ్మనీరు పోయి, మేక గట్టిగా ముక్కుతూ అరగంట దాటినా ఏమీ బయటికి రాకపోతే. సరైన పడకలో ఉంటే ముందు రెండు గిట్టలు, వాటి మీద ముక్కు కనిపిస్తాయి. గిట్టల చివర పచ్చటి మెత్తని తొడుగు ఉంటుంది, చూసి కంగారుపడకండి. ఒక్క కాలే వస్తే, తోక ముందు వస్తే, తల వెనక్కి తిరిగి ఉంటే లాగొద్దు. చేతులకు తొడుగులు వేసుకోండి. బ్రూసెల్లా లాంటి రోగాలు మాయ నుంచి మనుషులకు అంటుతాయి, గర్భిణులైతే దగ్గరికే రాకూడదు. ఫోన్‌లో డాక్టర్ ముందుగా అడిగేవి మూడే: ఎప్పుడు కట్టింది, ఎంతసేపటి నుంచి ముక్కుతోంది, ఏం బయటికొచ్చింది. మొదటిదానికి ‘‘పోతు మందలోనే ఉండాది’’ అన్నా పర్లేదు, మిగతా రెండూ గడియారం చూసి చెప్పండి.