మీకు తెలుసా? ఇంగ్లిష్ మాటలకూ జోడీలుంటాయి!

• కంఠేశ్వర్ చౌరస్తాలో కుండపోత కురిస్తే ‘హెవీ రెయిన్’ అనాలి. ‘స్ట్రాంగ్ రెయిన్’ అంటే అర్థమవుతుంది కానీ వినడానికి ఎబ్బెట్టుగా ఉంటుంది. గాలికి మాత్రం ‘స్ట్రాంగ్ విండ్’ సరిపోతుంది. చిక్కటి చాయ్ ‘స్ట్రాంగ్ టీ’యే, ‘పవర్‌ఫుల్ టీ’ కాదు.

• ఇలా అలవాటుగా కలిసి వచ్చే పదాలను ‘కొలొకేషన్స్’ అంటారు. టోక్యోలో ఇంగ్లిష్ బోధనపై పనిచేసిన హెరాల్డ్ పామర్ 1933లోనే వీటిపై నివేదిక వెలువరించారు. తర్వాత ఈ భావనకు భాషాశాస్త్రంలో పేరు తెచ్చిన జె.ఆర్. ఫర్త్, అంతకుముందు లాహోర్‌లో ఇంగ్లిష్ ప్రొఫెసర్.

• తెలుగులో తప్పు చేస్తాం, హోంవర్కూ చేస్తాం. ఇంగ్లిష్‌లో క్రియలు వేరు: ‘షి మేడ్ ఎ మిస్టేక్’, ‘హి డిడ్ హిజ్ హోంవర్క్’.

• మనం ‘ఫొటో దిగాం’ అంటాం. ఇంగ్లిష్‌లో ‘వి టుక్ ఎ ఫొటో’.

• ‘డిస్కస్’ పక్కన ‘ఎబౌట్’ అక్కర్లేదు: ‘వి డిస్కస్డ్ ది ప్రాబ్లమ్’ చాలు.

• బోధన్ చెరకు రైతులకు ఒక జోడీ ఎప్పట్నుంచో నోటికొచ్చు: ‘క్రషింగ్ సీజన్’. వాక్యంలో: ‘ది క్రషింగ్ సీజన్ హ్యాజ్ స్టార్టెడ్’.



చిట్కా: కొత్త మాటను ఒంటరిగా బట్టీ పట్టకండి. దాని జోడీతో, ఒక వాక్యంతో కలిపి నోట్‌బుక్‌లో రాసుకోండి.