సరస్సు, మంచు, అడవి, ద్రాక్షతోట: టాహో దారిలో అన్నీ

కాలిఫోర్నియా, నెవాడా రాష్ట్రాల సరిహద్దులో, సియెర్రా నెవాడా పర్వతాల నడుమ ఉంది లేక్ టాహో. 501 మీటర్ల లోతైన ఈ సరస్సు సముద్రమట్టానికి దాదాపు 1,900 మీటర్ల ఎత్తున ఉంటుంది. చుట్టూ మంచు పేరుకున్నా సరస్సు మాత్రం గడ్డకట్టదు. పైన చల్లబడిన నీరు బరువెక్కి కిందికి దిగుతుంది, లోపలి నుంచి కాస్త వెచ్చని నీరు పైకొస్తుంది. ఇంత లోతున్న నీరంతా చల్లబడేలోపే చలికాలం గడిచిపోతుంది.

ఈ సరస్సు ప్రాంతం వాషో ఆదివాసుల మాతృభూమి.

1960 శీతాకాల ఒలింపిక్స్ ఇక్కడి స్క్వా వ్యాలీలోనే జరిగాయి. ఆ పేరులో ఆదివాసీ మహిళలను కించపరిచే మాట ఉందని 2021లో అక్కడి స్కీ రిసార్టు పేరును పాలిసేడ్స్ టాహోగా మార్చారు. శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియా తెలుగు కుటుంబాలు పిల్లలకు మంచు చూపించాలంటే ఇటే బయల్దేరతాయి. మంచు తుపాను రోజుల్లో టైర్లకు గొలుసులు లేనిదే చాలా కార్లను కొండెక్కనివ్వరు.

సరస్సుకు నైరుతి దిక్కున డెసోలేషన్ వైల్డర్‌నెస్. 1969 నుంచి చట్టరక్షణలో ఉన్న ఈ గ్రానైట్ సీమలో రోడ్లు లేవు, మోటారు వాహనాలకు ప్రవేశం లేదు. నడకదారులు, కొండల మధ్య చిన్న చిన్న చెరువులు ఉంటాయి. అడుగుపెట్టాలంటే అనుమతి పత్రం ఉండాలి.

హైవే 50 మీదుగా పడమటికి దిగితే ఎల్‌డొరాడో ద్రాక్షతోటలు మొదలవుతాయి. 1848లో ఇక్కడి కొలోమాలో బంగారం బయటపడగానే వచ్చినవాళ్లు ఈ వాలుల్లో ద్రాక్ష నాటారు. పక్కనే ఆపిల్ హిల్ తోటలు. సెప్టెంబరు, అక్టోబరుల్లో వెళ్తే ద్రాక్ష కోతలు, ఆపిల్ పండ్లు, మంచులేని నడకదారులు ఒకే ప్రయాణంలో దొరుకుతాయి.